4 టీబీ డిస్క్, 465.75 జీబీ పార్టిషన్: ఫైల్ సిస్టమ్ ఏదో తేల్చిన కేస్ స్టడీ

హనుమకొండలోని ఒక పెళ్లిళ్ల ఫొటో స్టూడియో వాడుతున్న 3.5 అంగుళాల 4 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఇది. డబ్బాకున్న యూఎస్‌బీ 3.0 మైక్రో-బీ పోర్ట్ బోర్డు మీంచి ఊడిపోయింది. దగ్గర్లోని షాపులో డబ్బా విప్పి, లోపలి డిస్క్‌ను తీసి, డెస్క్‌టాప్‌లో నేరుగా సాటా కేబుల్‌కు (కంప్యూటర్ లోపలి డిస్క్‌లను కలిపే తీగ) తగిలించారు. డిస్క్ మామూలుగానే తిరిగింది, తేడా చప్పుడు లేదు, బయోస్‌లో మోడల్ నంబరు, సైజు సరిగ్గానే వచ్చాయి. విండోస్ మాత్రం ఫార్మాట్ చేయమని అడిగింది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 465.75 జీబీ పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) ఒకటి 'రా' అని, దాని పక్కన 1582.25 జీబీ, 1678.02 జీబీ అన్‌అలొకేటెడ్ (ఏ పార్టిషన్‌కూ కేటాయించని) ముక్కలు రెండు కనబడ్డాయి.

"అన్నా, ఖరాబైంది డబ్బా గదా, లోపల డిస్క్ మంచిగనే ఉంది. మరి ఫార్మాట్ ఎందుకు అడుగుతుంది?" అన్నది స్టూడియో వాళ్ల ప్రశ్న. కేసు మొత్తం ఈ ప్రశ్నలోనే ఉంది. పోర్ట్ ఊడితే ఫైల్ సిస్టమ్, అంటే ఫైళ్లను డిస్క్ మీద అమర్చే పద్ధతి, చెడదు. చెడలేదంటే కనబడాలి. కనబడటం లేదంటే చూస్తున్న చోటే తప్పయి ఉండాలి.

డిస్క్ బెంచ్ మీదికి వచ్చేసరికి దాని మీద జరిగినవి రెండు పనులు. ఒకటి, విండోస్ డిస్క్ రిపేర్ టూల్ చెక్‌డిస్క్ నడపబోయారు. ఫైల్ సిస్టమ్ 'రా', ఇలాంటి డ్రైవ్ మీద పని చేయనని అది వెనక్కి తిప్పింది. అది అదృష్టమే. ఫైల్ సిస్టమ్‌ను తప్పుగా అర్థం చేసుకుని రిపేర్‌కు దిగే టూల్ చేసే నష్టం ముందు పోర్ట్ ఊడటం ఎంత! రెండోది, ఒక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో డీప్ స్కాన్ మొదలుపెట్టి మధ్యలో ఆపారు. అది చదవడమే కాబట్టి హాని లేదు. ఆ తరవాత "క్విక్ ఫార్మాట్ కొట్టి రికవర్ చేద్దాం" అన్న సలహా కూడా వచ్చిందట, అమలు కాలేదు. అమలై ఉంటే ఏం జరిగేదో కింద లెక్కతో సహా ఉంది.

ముందు కట్టుదిట్టం

ఫైల్ సిస్టమ్ రకం తేల్చడానికి డిస్క్ మీద ఒక్క బైట్ కూడా రాయనక్కర్లేదు. అందుకే విండోస్ మెషీన్ నుంచి తీసేసి, ఆటోమౌంట్ (డిస్క్‌ను తానే తెరిచేయడం) ఆపేసిన లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయిన మెషీన్‌కు కలపాలి. హార్డ్‌వేర్ రైట్ బ్లాకర్ (రాయడాన్ని అడ్డుకునే పరికరం) ఉంటే మేలు. లేకపోతే బ్లాక్‌డెవ్ కమాండ్‌లో 'సెట్ ఆర్ఓ' ఆప్షన్‌తో డిస్క్‌ను, పార్టిషన్‌ను రెండింటినీ రీడ్ ఓన్లీ చేయాలి. విండోస్‌లోనే చూడాల్సి వస్తే 'ఇనిషియలైజ్ డిస్క్' అన్న పెట్టెకు క్యాన్సిల్ తప్ప వేరే జవాబు లేదు. ఓకే కొడితే సెక్టార్ 0 మీద (సెక్టార్ అంటే డిస్క్ చదివే, రాసే అతి చిన్న ముక్క) కొత్త పార్టిషన్ టేబుల్ పడుతుంది.

తరవాత స్మార్ట్ రీడింగ్, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. రీఅలొకేటెడ్ (5), పెండింగ్ (197), ఆఫ్‌లైన్ అన్‌కరెక్టబుల్ (198) మూడూ సున్నా. 197 సున్నా కాకపోయి ఉంటే వరస మారేది: ముందు ఇమేజ్ (డిస్క్ మొత్తానికి బైట్ బైట్ నకలు), ఆ తరవాతే రకం గురించి ఆలోచన. ఉష్ణోగ్రత (194) మీద కూడా ఒక కన్నుండాలి. వరంగల్ వేసవిలో గది వేడికి తోడు గంటల తరబడి చదివే పని పడితే, ఓపెన్ బెంచ్ మీది డిస్క్‌కు ఎదురుగా చిన్న ఫ్యాన్ పెట్టడం తప్పనిసరి.

రకం ఎక్కడ రాసి ఉంటుంది

ఫైల్ సిస్టమ్ రకం ఏదంటే స్టూడియో వాళ్లు 'ఎక్స్‌ఫ్యాట్' అన్నారు. మ్యాక్‌లోనూ, విండోస్‌లోనూ రాసుకునేవాళ్లం కాబట్టి అదే అయి ఉంటుందని వాళ్ల ఊహ. ఊహ సహేతుకమే గానీ సాక్ష్యం కాదు. మ్యాక్‌లో వేరే డ్రైవర్ వేసుకుంటే విండోస్ సొంత రకమైన ఎన్‌టీఎఫ్ఎస్ మీద కూడా రాయొచ్చు.

సెక్టార్ 0లో ఉండే పాతరకం పార్టిషన్ టేబుల్ ఎంబీఆర్‌లో ఒక టైప్ కోడ్ ఉంటుంది. ఈ డిస్క్‌లో అది 07. చాలామంది ఇక్కడే ఆగి "ఎన్‌టీఎఫ్ఎస్" అని రాసేసుకుంటారు. 07 అన్నది ఎన్‌టీఎఫ్ఎస్‌కూ వేస్తారు, ఎక్స్‌ఫ్యాట్‌కూ వేస్తారు, పాత ఓఎస్/2 వాళ్ల హెచ్‌పీఎఫ్ఎస్‌కూ వేశారు. లైనక్స్ వైపు 83 కూడా అంతే: లోపల ఎక్స్‌ట్4 ఉండొచ్చు, ఎక్స్ఎఫ్ఎస్ ఉండొచ్చు, బీటీఆర్ఎఫ్ఎస్ ఉండొచ్చు. కొత్తరకం పార్టిషన్ టేబుల్ జీపీటీ వచ్చాక కూడా ఈ తంటా పోలేదు. 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డేటా' అన్న ఒక్క గుర్తు కిందే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్, ఎన్‌టీఎఫ్ఎస్ మూడూ వస్తాయి. పార్టిషన్ చేసినవాడు రాసిన మాట అది, ఫైల్ సిస్టమ్ చెప్పుకున్న మాట కాదు.

ఫైల్ సిస్టమ్ తన పేరు తానే రాసుకునే చోట్లు వేరు. పార్టిషన్ మొదటి బైట్‌ను 0 అనుకుంటే, ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ రెండూ 3వ బైట్ దగ్గర తమ పేరును అక్షరాల్లో రాసుకుంటాయి. బిట్‌లాకర్ వేసిన వాల్యూమ్‌లో అదే 3వ బైట్ దగ్గర '-ఎఫ్‌వీఈ-ఎఫ్ఎస్-' అని ఉంటుంది. ఫ్యాట్32 పేరు 82 దగ్గర, ఫ్యాట్16 పేరు 54 దగ్గర. ఎక్స్ఎఫ్ఎస్ అయితే మొదటి నాలుగు అక్షరాలే 'ఎక్స్ఎఫ్ఎస్‌బీ'. ఎక్స్‌ట్2, 3, 4 మూడింటికీ సూపర్ బ్లాక్ (ఫైల్ సిస్టమ్ వివరాలుండే చోటు) 1024 దగ్గర మొదలై, గుర్తు 1080వ బైట్ దగ్గర '53 ఈఎఫ్' అని ఉంటుంది; మూడింటిలో ఏదన్నది అదే సూపర్ బ్లాక్‌లోని ఫీచర్ బిట్లు చెబుతాయి. బీటీఆర్ఎఫ్ఎస్ చాలా లోపల, 65,600 దగ్గర రాసుకుంటుంది. ఆపిల్ ఏపీఎఫ్ఎస్ కంటెయినర్‌లో 32వ బైట్ దగ్గర 'ఎన్ఎక్స్ఎస్‌బీ', హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌లో 1024 దగ్గర 'హెచ్+' ఉంటాయి. లైనక్స్‌లో లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే మొదట్లోనే ఆ నాలుగు అక్షరాలు దొరుకుతాయి.

బీఎల్‌కేఐడీ, ఫైల్, వైప్ఎఫ్ఎస్ లాంటి టూల్స్ చేసేది ఈ చోట్లను తడిమి చూడటమే, అందులో మాయేం లేదు. విండోస్ 'రా' అంటే అదొక ఫైల్ సిస్టమ్ పేరు కాదు. నాకున్న డ్రైవర్లలో ఏదీ ఈ వాల్యూమ్‌ను తనదని ఒప్పుకోలేదు అని చెప్పడం అంతే.

మొదటి చదువులో ఏమీ దొరకలేదు

డిస్క్‌ల జాబితా చూపే ఎల్ఎస్‌బీఎల్‌కేను '-ఎఫ్' తో నడిపితే పార్టిషన్ ఎదురుగా ఫైల్ సిస్టమ్ గడి ఖాళీ. ఈ కమాండ్ చాలాసార్లు ఉడెవ్ (లైనక్స్‌లో డివైస్‌లను చూసుకునే సర్వీస్) ముందే దాచుకున్న సమాచారాన్నే చూపిస్తుంది కాబట్టి దీని మీదే తీర్పు చెప్పకూడదు. బీఎల్‌కేఐడీని '-పీ' తో నడిపితే డిస్క్‌ను నేరుగా తడుముతుంది. అదీ పార్టిషన్ వివరాలు తప్ప రకం చెప్పలేదు. ఫైల్ కమాండ్‌ను '-ఎస్' తో నడిపితే 'డేటా' అని ఊరుకుంది. బైట్లను ఉన్నవున్నట్టు చూపే ఎక్స్ఎక్స్‌డీతో పార్టిషన్ మొదటి 512 బైట్లు తెరిస్తే మొత్తం సున్నాలు.

ఈ సున్నాలే మొదటి ఆధారం. కొన్ని ఎక్స్‌టర్నల్ డబ్బాల్లోని బ్రిడ్జ్ చిప్ (యూఎస్‌బీని సాటాకు కలిపేది) డేటాను తానే ఎన్‌క్రిప్ట్ చేసి రాస్తుంది. అలాంటి డిస్క్‌ను నేరుగా సాటాకు కలిపితే సెక్టార్ 0 నుంచే అర్థం లేని బైట్లు కనబడతాయి, పార్టిషన్ టేబుల్ కూడా దొరకదు. ఇక్కడ సెక్టార్ 0 చక్కగా చదవగలిగేలా ఉంది, చివర '55 ఏఏ' ఉంది. అంటే ఆ అనుమానం కొట్టేయొచ్చు. బూట్ సెక్టార్ (పార్టిషన్ మొదటి సెక్టార్) చెడిపోయిన కేసుల్లో కూడా సగం సగం బైట్లు, చెత్త మిగులుతాయి గానీ ఇంత శుభ్రమైన సున్నాలు అరుదు. ఇది ఎవరూ ఎప్పుడూ రాయని చోటులా ఉంది.

ఎనిమిదో వంతు

రెండో ఆధారం సైజులో ఉంది. విండోస్ లెక్కలో 3726 జీబీ వచ్చే ఈ 4 టీబీ డిస్క్ మీద ఎవరు 465.75 జీబీ పార్టిషన్ చేసుకుంటారు? స్టూడియో వాళ్లకు మై కంప్యూటర్‌లో ఎప్పుడూ 3.63 టీబీ కనబడేదట. 465.75ను 8తో గుణిస్తే 3726. ఎనిమిదో వంతు కనబడగానే సెక్టార్ సైజు గుర్తుకు రావాలి, ఎందుకంటే 4096ను 512తో భాగిస్తే 8.

ఎంబీఆర్‌లో పార్టిషన్ మొదలు, పొడవు బైట్లలో ఉండవు, సెక్టార్ల లెక్కలో ఉంటాయి. సెక్టార్ 0లో 446వ బైట్ నుంచి మొదటి ఎంట్రీ. అందులో 450 దగ్గర టైప్, 454 దగ్గర మొదలు, 458 దగ్గర పొడవు. ఈ డిస్క్‌లో మొదలు 256, పొడవు 97,67,54,176. ఒక సెక్టార్ 512 బైట్లు అనుకుంటే పొడవు 5,00,09,81,38,112 బైట్లు, అంటే విండోస్ చూపించిన 465.75 జీబీ. 4096 అనుకుంటే 40,00,78,51,04,896 బైట్లు, అంటే డిస్క్ దాదాపు మొత్తం. రాసినవాడు బారల్లో రాశాడు, చదివేవాడు జానల్లో కొలుస్తున్నాడు.

మొదలు 256 అన్నది కూడా ఇదే చెబుతోంది. విస్టా నుంచి విండోస్ 512 బైట్ల డిస్క్ మీద పార్టిషన్‌ను 2048వ సెక్టార్ దగ్గర మొదలుపెడుతుంది, ఎక్స్‌పీ కాలంలో 63. 256 ఈ రెండింటిలో ఏదీ కాదు. కానీ 256ను 4096తో గుణిస్తే 10,48,576, సరిగ్గా 1 ఎంబీ. 2048ను 512తో గుణించినా అంతే.

డబ్బా ఇలా ఎందుకు చేసిందంటే, ఎంబీఆర్‌లో సెక్టార్ నంబరుకు 32 బిట్లే చోటు. 512 బైట్ల సెక్టార్‌తో 2 టీబీ దాటి చెప్పలేదు. 32 బిట్ ఎక్స్‌పీ లాంటి పాత సిస్టమ్‌లు జీపీటీ డేటా డిస్క్‌లను చదవలేవు. అందుకని 2 టీబీ దాటిన ఎక్స్‌టర్నల్ డబ్బాల్లో చాలా వాటి బ్రిడ్జ్ చిప్పులు డిస్క్ ఇచ్చే ఎనిమిది 512 బైట్ల సెక్టార్లను కలిపి ఒక 4096 బైట్ల సెక్టార్‌గా కంప్యూటర్‌కు చూపించేవి. అలా చూపిస్తే ఎంబీఆర్‌తోనే 16 టీబీ దాకా నడుస్తుంది. డబ్బా ఉన్నంతకాలం లెక్క కుదిరింది. డబ్బా తీసేసరికి డిస్క్ తన అసలు లెక్క, 512 చెప్పింది. ఎల్ఎస్‌బీఎల్‌కేలో లాజికల్, ఫిజికల్ సెక్టార్ గడులు అడిగితే 512, 4096 అని వచ్చాయి. విండోస్‌లో పవర్‌షెల్ గెట్-డిస్క్‌తో కూడా లాజికల్ సెక్టార్ సైజు చూడొచ్చు.

10,48,576వ బైట్ దగ్గర

ఇప్పుడు పార్టిషన్‌ను వదిలేసి మొత్తం డిస్క్ మీదే, 10,48,576 బైట్లు దాటి ఎక్స్ఎక్స్‌డీతో చూస్తే మొదటి మూడు బైట్లు 'ఈబీ 52 90', వెంటనే 'ఎన్‌టీఎఫ్ఎస్' అన్న అక్షరాలు. బీఎల్‌కేఐడీకి '-పీ' తో పాటు పెద్ద '-ఓ' ఆప్షన్‌లో అదే ఆఫ్‌సెట్ (మొదలు నుంచి దూరం) ఇస్తే అదీ ఎన్‌టీఎఫ్ఎస్ అంది. స్టూడియో వాళ్ల ఎక్స్‌ఫ్యాట్ ఊహ అక్కడితో తేలిపోయింది.

పేరు దొరికింది గదా అని ఆగకూడదు. పాత ఫార్మాట్ తాలూకు గుర్తులు డిస్క్ మీద మిగిలిపోవడం మామూలే. బీటీఆర్ఎఫ్ఎస్ లాంటిది తన గుర్తును లోపలికి రాసుకుంటుంది కాబట్టి, దాని మీద వేరే ఫైల్ సిస్టమ్ క్విక్ ఫార్మాట్ చేసినా ఆ గుర్తు చెరగకుండా ఉండిపోవచ్చు. అలాంటప్పుడు బీఎల్‌కేఐడీ రెండు ఫలితాలు వస్తున్నాయని చెప్పి, వైప్ఎఫ్ఎస్‌తో చూసుకోమంటుంది. వైప్ఎఫ్ఎస్‌ను ఏ ఆప్షనూ లేకుండా నడిపితే గుర్తులన్నీ ఆఫ్‌సెట్లతో చూపిస్తుందంతే. '-ఏ' తగిలిస్తే చెరిపేస్తుంది. ఆ ఒక్క అక్షరం దగ్గర చెయ్యి జారకూడదు.

బూట్ సెక్టార్‌లోని మిగతా గడులు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. 11వ బైట్ దగ్గర '00 10' (వెనక నుంచి చదివితే హెక్స్ 1000), అంటే సెక్టార్‌కు 4096 బైట్లు. 13వ బైట్ 01, అంటే క్లస్టర్‌కు (ఫైళ్లకు చోటు కేటాయించే ముక్క) ఒక సెక్టార్. 40 దగ్గర మొత్తం సెక్టార్లు 97,67,54,175, పార్టిషన్ పొడవు కంటే సరిగ్గా ఒకటి తక్కువ. ఎన్‌టీఎఫ్ఎస్ చివరి సెక్టార్‌ను బూట్ సెక్టార్ నకలు కోసం వదిలేస్తుంది కాబట్టి ఆ ఒకటి తక్కువ ఉండాల్సిందే. ఆ నకలు ఎక్కడుండాలో లెక్కేస్తే 40,00,78,61,49,376వ బైట్ దగ్గర. అక్కడ చూస్తే మొదటిదానితో అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది.

మూడో చోటు ఎంఎఫ్‌టీ, అంటే ఎన్‌టీఎఫ్ఎస్ తన ఫైళ్లన్నిటి వివరాలు రాసుకునే పట్టిక. బూట్ సెక్టార్‌లో 48వ బైట్ దగ్గర దాని క్లస్టర్ నంబరు 7,86,432. అంటే డిస్క్ మొదలు నుంచి 3,22,22,74,048వ బైట్. అక్కడ 'ఫైల్' అన్న నాలుగు ఇంగ్లీషు అక్షరాలు, 4096 బైట్లకొకసారి మళ్లీ అవే. మామూలు 512 డిస్క్ మీద ఈ రికార్డులు 1024 బైట్లవి ఉంటాయి. బూట్ సెక్టార్‌లో రికార్డు సైజు చెప్పే 64వ బైట్ కూడా అలాంటి డిస్క్‌లో 'ఎఫ్6' ఉండేది, ఇక్కడ 01 ఉంది. సెక్టార్ సైజు 4096 అన్న నిర్ధారణకు ఇంకేం కావాలి?

క్విక్ ఫార్మాట్ సలహా సంగతి ఇప్పుడు చూడండి. విండోస్ ఆ 465.75 జీబీ పార్టిషన్‌ను 1,31,072వ బైట్ నుంచి మొదలుపెట్టి ఫార్మాట్ చేసేది. మామూలు అమరికలో కొత్త ఎంఎఫ్‌టీ కూడా 7,86,432వ క్లస్టర్ దగ్గరే పెడుతుంది. అలా పడితే కొత్తది పాత ఎంఎఫ్‌టీకి కేవలం 896 కేబీ ముందు ఉంటుంది. నాలుగు ఫైళ్లు కాపీ చేసి "పని చేస్తుందా" అని చూసే అలవాటు మనవాళ్లకు ఉండనే ఉంది. ఎంఎఫ్‌టీ పెరిగేకొద్దీ పాతదాని నెత్తిన పడుతుంది. ఫైళ్ల పేర్లు, ఫోల్డర్లు, ఏ ముక్క ఎక్కడుందన్న పట్టిక అంతా ఉండేది అక్కడే. అది పోయాక మిగిలేది డీప్ స్కాన్. పేర్లుండవు, ముక్కలుగా పడిన పెద్ద వీడియోలు తెరుచుకోవు.

చదవడం, కాపీ

ఇమేజ్ తీశాకే మౌంట్. జీఎన్‌యూ డీడీరెస్క్యూతో, మ్యాప్‌ఫైల్ (ఎంతవరకు చదివిందో రాసుకునే ఫైల్) తప్పనిసరిగా ఇచ్చి. సగటున సెకనుకు 130 ఎంబీ వచ్చినా 4 టీబీకి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. అంతసేపు కరెంటు పోకుండా ఉంటుందని నమ్మకం పెట్టుకోకూడదు. యూపీఎస్ ఉన్నా సరే, మ్యాప్‌ఫైల్ ఉంటేనే ఆగినచోటు నుంచి కొనసాగుతుంది. ఇమేజ్ పెట్టే డిస్క్ 4 టీబీది చాలదు, ఫైల్ సిస్టమ్ తన అవసరాలకు కొంత తింటుంది. 6 టీబీ తీసుకోవాలి. దాన్ని ఫ్యాట్32గా ఉంచితే 4 జీబీ దాటిన ఫైల్ పట్టదని వేరే చెప్పక్కర్లేదు.

తరవాత చేసిన పని చిన్నది. లోసెటప్ కమాండ్‌లో మూడు ఆప్షన్లు: రీడ్ ఓన్లీకి '-ఆర్', పార్టిషన్లు చదవడానికి పెద్ద '-పీ', సెక్టార్ సైజుకు '-బీ 4096'. ఇమేజ్ ఫైల్‌ను ఇలా లూప్ డివైస్‌గా (ఫైల్‌నే డిస్క్‌లా చూపే ఏర్పాటు) పెడితే కెర్నెల్ అదే ఎంబీఆర్‌ను ఈసారి 4096 లెక్కన చదువుతుంది, పార్టిషన్ సరైన చోట, సరైన పొడవుతో వచ్చేస్తుంది. ఇమేజ్ సైజు 40,00,78,70,30,016 బైట్లు 4096తో నిశ్శేషంగా భాగించబడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఈ సెక్టార్ సైజు ఆప్షన్‌కు లైనక్స్ కెర్నెల్ 4.14 లేదా ఆ పైది కావాలి. లూప్ పార్టిషన్ మీద బీఎల్‌కేఐడీ నడిపితే ఈసారి అడగ్గానే ఎన్‌టీఎఫ్ఎస్ అంది. 5.15 కెర్నెల్ నుంచి వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్3 డ్రైవర్‌తో రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే మొత్తం ఫోల్డర్లు తెరుచుకున్నాయి: పరకాల పెళ్లి, నర్సంపేట రిసెప్షన్, మేడారం జాతర ఫుటేజీ, అన్నీ పాత పేర్లతో. ఎన్‌టీఎఫ్ఎస్ పేర్లను యూనికోడ్‌లో దాస్తుంది గనక తెలుగులో పెట్టిన ఫోల్డర్ పేర్లు కూడా చెక్కుచెదరలేదు.

లైనక్స్ చేతకాని చోట టెస్ట్‌డిస్క్‌తోనూ ఇది చేయొచ్చు. జియోమెట్రీ మెనూలో సెక్టార్ సైజు 4096 అని మార్చి ఎనలైజ్ చేస్తే పార్టిషన్ దొరుకుతుంది, లోపలి ఫైళ్లను చూసి వేరే డిస్క్‌కు కాపీ చేసుకోవచ్చు. 'రైట్' మాత్రం నొక్కకూడదు.

పార్టిషన్ టేబుల్‌నే సరిచేసి అదే డిస్క్‌ను వాడుకోవచ్చు గదా అన్న ప్రశ్న వస్తుంది. 512 లెక్కన పార్టిషన్ పొడవు 7,81,40,33,408 సెక్టార్లు. ఎంబీఆర్ గడిలో పట్టే పెద్ద సంఖ్య 4,29,49,67,295. కాబట్టి ముందు జీపీటీకి మార్చాలి. మార్చినా బూట్ సెక్టార్ తాను 4096 అంటోంది, డిస్క్ 512 అంటోంది. ఆ పేచీ తీర్చాలంటే బూట్ సెక్టార్‌లో సెక్టార్ సైజు, క్లస్టర్‌కు సెక్టార్లు, మొత్తం సెక్టార్లు మూడూ కలిపి మార్చాలి, నకలులో కూడా. సాధ్యమే, కానీ ఖాతాదారు డేటా ఉన్న ఒకే ఒక్క డిస్క్ మీద చేసే పని కాదు. కొత్త డిస్క్‌ను జీపీటీతో, 512 లెక్కన, ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేసి ఆర్‌సింక్‌తో ఫైళ్లు మార్చడమే సులువు. కాపీ అయ్యాక పెద్ద వీడియోలను ఎఫ్ఎఫ్‌ఎంపెగ్‌తో మొదటి నుంచి చివరిదాకా డీకోడ్ చేయించి తప్పులున్నాయేమో చూశాకే డిస్క్ అప్పగింత.

ఇదే లక్షణంతో వచ్చే వేరే డిస్క్‌లు

సీసీటీవీ డీవీఆర్‌లోంచి తీసిన డిస్క్ కూడా విండోస్‌లో ఇలాగే ఫార్మాట్ అడుగుతుంది. అక్కడ ఆఫ్‌సెట్ లెక్కలు వెతికి లాభం లేదు. చాలా డీవీఆర్‌లు తమ సొంత అమరికలో రాసుకుంటాయి. దాహువా రకం వాటిలో డిస్క్ మొదట్లోనే 'డీహెచ్ఎఫ్ఎస్4.1' అని, హిక్‌విజన్ వాటిలో 528వ బైట్ దగ్గర కంపెనీ పేరు, హాంగ్‌జౌ అన్న ఊరి పేరు అక్షరాల్లో ఉంటాయి. అవి బీఎల్‌కేఐడీ గుర్తించే రకాలు కావు. ఎక్స్ఎక్స్‌డీతో మొదటి 1 కేబీ చూస్తే చాలు.

నాస్ (నెట్‌వర్క్‌కు కలిపే స్టోరేజ్) డబ్బాల్లోంచి వచ్చిన డిస్క్‌లో 4096వ బైట్ దగ్గర లైనక్స్ రెయిడ్ (పలు డిస్క్‌లను ఒకటిగా కలిపే పద్ధతి) గుర్తు దొరికితే, ఆ ఒక్క డిస్క్ మీద ఫైల్ సిస్టమ్ పేరు కోసం వెతకడం ఆపి మిగతా డిస్క్‌లు తెప్పించుకోవాలి.

సాటా డాకింగ్ స్టేషన్లతో ఇదే కథ తిరగబడి వస్తుంది. కొన్ని డాక్‌లు కూడా 4096గా చూపిస్తాయి. అందులో పెట్టి ఫార్మాట్ చేసిన డిస్క్ డెస్క్‌టాప్‌లో కనబడదు, డెస్క్‌టాప్‌లో చేసినది డాక్‌లో కనబడదు. డిస్క్ చెడిందనుకునే ముందు ఏ డాక్‌లో ఫార్మాట్ చేశారో అడగాలి.

ఈ స్టూడియోలో అదే మోడల్ ఎక్స్‌టర్నల్ ఇంకొకటి ఉంది, దాని పోర్ట్ కూడా వదులుగానే ఉంది. దాన్ని విప్పకుండా డబ్బాతోనే కలిపి చూస్తే లాజికల్, ఫిజికల్ రెండూ 4096 అని వచ్చాయి. పోర్ట్ ఊడకముందే దాంట్లోని డేటాను కూడా కొత్త డిస్క్‌కు మార్చుకోమని చెప్పి, డబ్బా మీద మార్కర్‌తో '4096 సెక్టార్, ఎంబీఆర్, ఎన్‌టీఎఫ్ఎస్, మొదలు 1 ఎంబీ' అని రాసి ఇచ్చారు.